తిరిగి వచ్చిన కంపోజిటర్

చికాగో డౌన్‌టౌన్‌లో బ్లూ లైన్ రైలెక్కి పడమటి వైపు చివరి స్టేషన్ దాకా వెళ్తే ఫారెస్ట్ పార్క్ వస్తుంది. అక్కడికి దగ్గర్లో, డెస్ ప్లేన్స్ నది పక్కన ఒక పాత శ్మశానవాటిక ఉంది. ఇప్పుడు దాన్ని ఫారెస్ట్ హోమ్ అంటారు, ఒకప్పుడు వాల్డ్‌హైమ్ అనేవారు. 290 హైవే మీద ఆఫీసులకు పరుగులు తీసే మనవాళ్ళు ఎంతోమంది దాని పక్కనుంచే పోతుంటారు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే పోయాను. మేడే కథలోని మనుషులు అక్కడే ఉన్నారని నాకు చాలాకాలం తెలియదు.

మేడే అంటే నాకు విజయవాడ గుర్తొస్తుంది. మా మేనమామ గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసేవాడు. ఎదురుగా కేసులు, వాటి గళ్ళలో సీసం అక్షరాలు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను కేసు వైపు చూడకుండానే వేళ్ళతో ఏరి స్టిక్కులో పేర్చేవాడు. మే ఒకటో తారీకున రిక్షా స్టాండు దగ్గరా, హమాలీల సంఘం దగ్గరా ఎర్రజెండా ఎగరేసి పిల్లలకు బిళ్ళలు పంచేవారు. ఆ రోజు మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళేవాడు. ఎనిమిది గంటల పని కోసం చికాగోలో ఉరికంబం ఎక్కిన వాళ్ళలో ఒకాయన తనలాంటి కంపోజిటరేనని గర్వంగా చెప్పేవాడు. పేరు మాత్రం ఆయన నోటికి సరిగ్గా పలికేది కాదు.

తీరా ఈ దేశం వచ్చి చూస్తే మే ఒకటి ఇక్కడ మామూలు పనిదినం! ప్రభుత్వం 1894లో కార్మిక దినాన్ని సెప్టెంబరు మొదటి సోమవారానికి పెట్టింది. మే ఒకటిని 1958 నుంచి లాయల్టీ డే అంటున్నారు. మన మద్రాసు బీచిలో 1923లోనే సింగారవేలు చెట్టియార్ జెండా ఎగరేసి మేడే జరిపారు. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి కదా. అంటే, చికాగోలో జరిగినదాన్ని చికాగో కన్నా మనవాళ్ళే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారన్నమాట.

ఆ కంపోజిటర్ పేరు ఆల్బర్ట్ పార్సన్స్. ఉరితీయబడిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన పోలీసులకు దొరకలేదనీ, హాయిగా తప్పించుకుని వేరే రాష్ట్రంలో క్షేమంగా ఉండి కూడా, విచారణ మొదలయ్యే రోజున తన కాళ్ళతో తానే నడిచి వచ్చి బోనులో కూర్చున్నాడనీ నాకు మాత్రం నలభై ఏళ్ళు దాటాకే తెలిసింది. అప్పట్నుంచీ ఆ మనిషి నన్ను వదల్లేదు.

పార్సన్స్ చెప్పుకున్న ప్రకారం ఆయన 1848లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టాడు. వాళ్ళ వంశం పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లండు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. పూర్వీకులు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ళు. అంటే అచ్చమైన పాతకాపు అమెరికన్. ఈ సంగతి తర్వాత చాలా అవసరమవుతుంది, గుర్తుంచుకోండి. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే టెక్సాస్‌లో ఉన్న అన్నగారు తీసుకెళ్ళి పెంచారు. ఆ ఇంట్లో పిల్లవాణ్ణి సాకింది ఎస్తర్ అనే బానిస స్త్రీ. గాల్వెస్టన్‌లో ఒక పత్రికాఫీసులో చేరి అచ్చుపని నేర్చుకున్నాడు. అంతర్యుద్ధం వచ్చేసరికి పదమూడేళ్ళ కుర్రాడు బానిసత్వాన్ని కాపాడే దక్షిణాది సైన్యంలో చేరిపోయాడు!

యుద్ధం ముగిశాక ఆయన మనసు మారింది. 1868లో వేకో పట్నంలో స్పెక్టేటర్ అనే పత్రిక పెట్టి, విముక్తి పొందిన నల్లవారి హక్కుల కోసం రాయడం మొదలుపెట్టాడు. పాత స్నేహితులు మొహం చాటేశారు, కూ క్లక్స్ క్లాన్ వాళ్ళు పగబట్టారు. ఆ రోజుల్లోనే లూసీతో పరిచయం, పెళ్ళి. లూసీ తనది మెక్సికన్, రెడ్ ఇండియన్ రక్తమని చెప్పుకునేది. వర్జీనియాలో 1851లో బానిస తల్లికి పుట్టిందని చరిత్రకారిణి జాక్వెలిన్ జోన్స్ 2017లో వచ్చిన పుస్తకంలో తేల్చారు. ఏదైనా, తెల్లవాడికీ ఆమెకూ పెళ్ళంటే టెక్సాస్‌లో బతకనిచ్చే పరిస్థితి లేదు. 1873లో ఇద్దరూ చికాగో చేరారు.

చికాగో అప్పుడు 1871 నాటి అగ్నిప్రమాదం నుంచి కోలుకుంటూ ఉంది. పైగా 1873లోనే దేశమంతా ఆర్థిక మాంద్యం పట్టుకుంది. పార్సన్స్ చికాగో టైమ్స్ పత్రికలో కంపోజిటర్‌గా కుదిరి అచ్చు కార్మికుల యూనియన్‌లో చేరాడు. 1877 జులైలో రైల్వే కార్మికుల సమ్మె దేశమంతా అంటుకున్నప్పుడు ఒక పెద్ద బహిరంగసభలో మాట్లాడాడు. మర్నాడు పొద్దున పనిలోకి వెళ్తే ఉద్యోగం లేదు. అంతటితో ఆగలేదు, పోలీసు అధికారి ముందుకు తీసుకెళ్ళి, ఊరు విడిచి వెళ్ళిపోతే మంచిదని బెదిరించారు. ఆ తర్వాత ఆయనకు ఏ పత్రికా పని ఇవ్వలేదు. లూసీ బట్టలు కుట్టి ఇల్లు నడిపింది.

వర్క్ వీసాల మీద బతుకు మొదలుపెట్టిన మనకు ఈ భయం తెలియనిది కాదు. లేఆఫ్ కబురు వచ్చిన రోజున మొదట గుర్తొచ్చేది తర్వాతి జీతం కాదు, ఎన్ని రోజుల్లో దేశం విడవాలన్నది. అందుకే మనం ఆఫీసులో నోరెత్తం. పార్సన్స్‌కు దేశం విడవాల్సిన పని లేదు, నిజమే. కానీ చేతిలో ఉన్న ఒక్క విద్యనూ ఆ ఊళ్ళో ఎవరూ కొనకుండా చేశారు. అయినా ఊరు వదల్లేదు. నైట్స్ ఆఫ్ లేబర్ సంఘంలో పనిచేశాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు. ఎన్నికల వల్ల ఏమీ కాదని విసిగి క్రమంగా అనార్కిస్టుల వైపు వెళ్ళాడు. 1884లో అలారం అనే పత్రికకు సంపాదకుడయ్యాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ అలారం పత్రికలో డైనమైటును పొగుడుతూ వ్యాసాలు వచ్చాయి, దాన్ని ఎలా వాడాలో కూడా రాశారు. పార్సన్స్ ఉపన్యాసాల్లోనూ ఆ ధోరణి ఉండేది. మేడే సభల్లో మనవాళ్ళు ఈ భాగం వదిలేసి ఆయన్ని సాధుపుంగవుణ్ణి చేస్తారు. నాకది ఇష్టం లేదు. సమ్మె చేసేవాళ్ళ మీద పోలీసులు, కంపెనీల కిరాయి మనుషులు లాఠీలు, తుపాకులు ఎడాపెడా వాడుతున్న రోజులవి, అది నిజం. అయినా అలాంటి రాతలు రాసినందుకు బాధ్యత లేదనలేం. కానీ రాసినందుకు బాధ్యత వేరు, హత్య చేసినందుకు ఉరి వేరు. కేసంతా ఈ తేడా మీదే నడిచింది.

1886 మే 1 నుంచి రోజుకు ఎనిమిది గంటలే పని అని దేశంలోని కార్మిక సంఘాలు రెండేళ్ళ ముందే తీర్మానించుకున్నాయి. ఆ రోజు దేశం మొత్తంమీద మూడు లక్షల మందికి పైగా పని ఆపేశారని అంచనా. చికాగో అందులో ముందుంది. మే 1 ప్రశాంతంగా గడిచింది. మే 3న మెకార్మిక్ కోతయంత్రాల ఫ్యాక్టరీ దగ్గర గొడవ జరిగి పోలీసులు కాల్చారు, కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మే 4 రాత్రి హేమార్కెట్ దగ్గర డెస్ ప్లేన్స్ వీధిలో సభ పెట్టారు.

పార్సన్స్ ఆ రోజు పొద్దునే సిన్సినాటి నుంచి తిరిగి వచ్చాడు. సభ సంగతి కూడా ఆయన ఏర్పాటు కాదు. పిలుపు వస్తే భార్యనూ, ఆరేళ్ళ కొడుకునూ, ఐదేళ్ళ కూతురునూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. బాంబు వేయదలచినవాడెవడైనా పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్తాడా అని తర్వాత అందరూ అడిగింది అందుకే. ఒక బండి మీద నిలబడి ఆగస్ట్ స్పైస్ మాట్లాడాడు, తర్వాత పార్సన్స్ దాదాపు గంటసేపు మాట్లాడాడు. నగర మేయర్ కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి విని, ఫరవాలేదు, ప్రశాంతంగానే ఉందని పోలీసు స్టేషన్‌లో చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. వాన వచ్చేలా ఉండటంతో జనం పలచబడ్డారు. పార్సన్స్ పిల్లల్ని తీసుకుని దగ్గర్లోని జెఫ్స్ హాలుకు వెళ్ళాడు. శామ్యూల్ ఫీల్డెన్ ఆఖరి మాటలు చెబుతూ ఉండగా, రాత్రి పదిన్నర ప్రాంతంలో, 170 మందికి పైగా పోలీసులు వరసలు కట్టి వచ్చి సభ చాలించమన్నారు. ఎవరో బాంబు విసిరారు. పోలీసులు చీకట్లో కాల్పులు మొదలుపెట్టారు. ఏడుగురు పోలీసులు, కనీసం నలుగురు పౌరులు చనిపోయారు. పోలీసుల్లో కొందరికి తగిలినవి తోటి పోలీసుల తూటాలే అంటారు. బాంబు విసిరింది ఎవరన్నది ఈనాటికీ తేలలేదు.

ఆ రాత్రే పార్సన్స్ ఊరు దాటాడు. కొన్నాళ్ళకు విస్కాన్సిన్‌లోని వాకీషా అనే ఊళ్ళో డేనియల్ హోన్ అనే మిత్రుడి ఇంట్లో తలదాచుకున్నాడు. (అన్నట్టు ఆ హోన్ గారి అబ్బాయే తర్వాత 1916 నుంచి 1940 దాకా మిల్వాకీకి సోషలిస్టు మేయర్!) పార్సన్స్ మీసం తీసేశాడు, జుట్టుకు రంగు వేయడం మానేశాడు. నెరిసిన జుట్టుతో, పాత బట్టల్లో వడ్రంగి పనులూ, రంగుల పనులూ చేసుకుంటూ బతికాడు. దేశమంతా పోలీసులు గాలిస్తున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. ఇంకో ఆరు నెలలు ఓపిక పడితే ఆయన జోలికి ఎవరూ వచ్చేవారు కారేమో.

ఇక్కడ చికాగోలో ఏడుగురు దొరికారు. స్పైస్, ష్వాబ్, ఫిషర్, ఎంగెల్, లింగ్ - ఈ ఐదుగురూ జర్మనీలో పుట్టినవాళ్ళు. ఫీల్డెన్ ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. నీబ్ న్యూయార్క్‌లో పుట్టినా జర్మన్ కుటుంబమే. పత్రికలు ఇదంతా పరాయి దేశాల నుంచి కొట్టుకొచ్చిన చెత్త అని రోజూ రాశాయి. వలస వచ్చినవాళ్ళకు కృతజ్ఞత లేదన్నాయి. ఈ దేశపు స్వేచ్ఛ ఇక్కడ పుట్టనివాడికి అర్థం కాదన్నాయి. పేర్లు మారుస్తే ఈ రాతలు మనం ఎక్కడెక్కడ చదివామో మీకే తెలుసు.

అలాంటి సమయంలో, 1886 జూన్ 21న, జడ్జి జోసెఫ్ గారీ కోర్టులో జూరీ ఎంపిక మొదలైన రోజు మధ్యాహ్నం, డిఫెన్స్ లాయరు విలియం బ్లాక్ పక్కన ఒక మనిషి లోపలికి నడిచి వచ్చాడు. మళ్ళీ జుట్టుకు నల్లరంగు వేసుకుని, శుభ్రంగా ముస్తాబై వచ్చాడు. ప్రాసిక్యూటర్ గ్రిన్నెల్ గుర్తుపట్టి అరెస్టు చేయమని లేచాడు. తనంతట తానే లొంగిపోవడానికి వచ్చాడని బ్లాక్ చెప్పాడు. పార్సన్స్ వెళ్ళి మిగతా ఏడుగురి పక్కన కూర్చున్నాడు.

ఎందుకు వచ్చినట్టు? నిర్దోషి తనంతట తాను వస్తే జూరీ మనసు మెత్తబడుతుందని లాయరు బ్లాక్ ఆశ. అంతర్యుద్ధంలో శౌర్యానికి మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవాడు, పేరున్న లాయరు, న్యాయవ్యవస్థ మీద నమ్మకం గలవాడు. లూసీ కూడా ఒప్పుకుంది. పార్సన్స్‌కు మాత్రం ఆ భ్రమ అంతగా ఉన్నట్టు లేదు. అదృష్టం బాగుండకపోతే ఏమవుతుందో తెలిసే వచ్చాడని ఆయన్ని ఎరిగినవాళ్ళంతా రాశారు. ఏడుగురు వలస మనుషులు బోనులో ఉంటే, పదిహేడో శతాబ్దపు వంశవృక్షం ఉన్న తాను విస్కాన్సిన్‌లో రంగులు వేసుకుంటూ కూర్చోలేకపోయాడని నాకు అనిపిస్తుంది.

జూరీ ఎంపికకే మూడు వారాలు పట్టింది. 981 మందిని ప్రశ్నించారు. మామూలుగా చీట్లు తీసే పద్ధతి పక్కనపెట్టి, ప్రత్యేకంగా నియమించిన బెయిలిఫ్ తనకు తోచినవాళ్ళను తీసుకొచ్చాడు. ముందే ఒక అభిప్రాయం ఏర్పరచుకున్నామని ఒప్పుకున్నవాళ్ళను సైతం జడ్జి తొలగించలేదు. చివరికి కూర్చున్న పన్నెండుమందిలో ఎక్కువమంది సేల్స్‌మెన్లు, గుమాస్తాలు. బాంబు విసిరినవాడు ఎవరో చూపించాల్సిన అవసరం లేదని, వీళ్ళ రాతలూ మాటలూ అతణ్ణి ప్రేరేపించి ఉంటే చాలని జడ్జి జూరీకి చెప్పాడు. ప్రోగ్రామర్‌గా నా బుర్రకు ఇది అర్థమయ్యేది ఇలా: సిస్టమ్ కూలిపోయింది, దోషం ఏ లైనులో ఉందో దొరకలేదు, కనుక ఆ సిస్టమ్ గురించి గట్టిగా మాట్లాడినవాళ్ళందర్నీ శిక్షించేద్దాం!

ఆగస్టు 20న తీర్పు. నీబ్‌కు పదిహేనేళ్ళ జైలు, మిగతా ఏడుగురికీ ఉరి. శిక్ష వేసేముందు మాట్లాడే అవకాశమిస్తే, పార్సన్స్ అక్టోబరులో రెండు రోజులపాటు మొత్తం దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడాడు. ఎనిమిది గంటలన్న లెక్క యాదృచ్ఛికమే అయినా నాకు భలే అనిపించింది.

ఇప్పటి చరిత్రకారుల్లో అందరూ ఒకే మాట మీద లేరు. తిమోతీ మెసర్-క్రూజ్ అనే ఆచార్యుడు 2011లో రాసిన పుస్తకంలో, ఆనాటి పద్ధతుల ప్రకారం విచారణ సక్రమంగానే జరిగిందని వాదించాడు. లింగ్ బాంబులు తయారుచేసిన మాట కూడా నిజమే. చదివాను, ఆలోచించాను. మిగతావాళ్ళ విషయంలో ఎంత వాదించినా, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన పార్సన్స్‌కు ఆ బాంబుతో సంబంధం ఉందని మాత్రం నాకు ఎవరూ చూపించలేకపోయారు.

ఇల్లినాయ్ సుప్రీంకోర్టు 1887 సెప్టెంబరులో శిక్ష ఖాయం చేసింది. నవంబరు 2న అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. మిగిలింది గవర్నర్ ఆగ్లెస్బీ ఒక్కడే. నైట్స్ ఆఫ్ లేబర్ నాయకుడు పౌడర్లీ మాత్రం పార్సన్స్ తమ సభ్యుడే అయినా చేయి అందించలేదు. అభిప్రాయాల్లో పార్సన్స్‌తో పడని శామ్యూల్ గాంపర్స్ గవర్నర్ దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. క్షమాభిక్ష కోరుతూ ఉత్తరం రాసిన ఫీల్డెన్‌కూ, ష్వాబ్‌కూ ఉరి తప్పించి యావజ్జీవం చేశారు. పార్సన్స్ రాస్తే ఆయనకూ తప్పుతుందని అందరికీ తెలుసు. ఇక్కడ పుట్టినవాడు, తనంతట తాను లొంగినవాడు, గవర్నర్‌కు సాకు దొరుకుతుంది. బ్లాక్ చెప్పాడు, స్నేహితులు చెప్పారు, ఒకప్పుడు ఆయన్ని తిట్టిన పత్రికా సంపాదకుడు మెల్విల్ స్టోన్ సైతం జైలుగదిలో గంటల తరబడి నచ్చజెప్పాడు. పార్సన్స్ సంతకం పెట్టలేదు. చేయని నేరానికి క్షమాపణ ఏమిటన్నది ఒక కారణం. తాను పక్కకు తప్పుకుంటే మిగిలిన వలస మనుషులను నిశ్చింతగా ఉరితీస్తారన్నది రెండోది.

గవర్నర్‌కు ఒక ఉత్తరం మాత్రం రాశాడు. ఆ రాత్రి సభలో ఉండటమే తన నేరమైతే, అక్కడ తన భార్యా, ఇద్దరు పిల్లలూ కూడా ఉన్నారు కనుక, వాళ్ళమీద కూడా కేసు పెట్టి అందర్నీ కలిపి ఉరితీయడానికి వీలుగా తన ఉరి కొన్నాళ్ళు వాయిదా వేయమని అందులో కోరాడు! గవర్నర్ ఆ ఉత్తరం విని కదిలిపోయాడంటారు.

పిల్లలున్న తండ్రిగా నేనిక్కడ ప్రతిసారీ తడబడతాను. ఒక్క సంతకం. పిల్లలు తండ్రి లేనివాళ్ళు కాకుండా ఉండేవారు. నవంబరు 9న ఆ ఇద్దరికీ ఉత్తరం రాసి పెట్టాడు, ఏటా తన వర్ధంతినాడు చదువుకోమని. అది నేను ఒకసారి చదివాను, రెండోసారి చదవలేదు. నేనైతే సంతకం పెట్టేవాణ్ణి. ఇందులో నాకు సందేహమే లేదు.

నవంబరు 10న లింగ్ జైలుగదిలో డైనమైటు గొట్టం నోట్లో పేల్చుకుని చనిపోయాడు. ఆ రాత్రి పార్సన్స్ ఆనీ లారీ అనే పాత స్కాట్లండు పాట పాడుకున్నాడు. 11న పొద్దున లూసీ పిల్లల్ని తీసుకుని ఆఖరిచూపు కోసం జైలుకు వస్తే, లోపలికి పంపకుండా అరెస్టు చేసి, బట్టలు విప్పించి సోదా చేసి, అంతా అయిపోయేదాకా స్టేషన్‌లో ఉంచారు. మధ్యాహ్నం కావస్తుండగా స్పైస్, ఫిషర్, ఎంగెల్, పార్సన్స్‌లను ఉరితీశారు. పార్సన్స్ మాట్లాడటం మొదలుపెట్టగానే, వాక్యం పూర్తికాకుండానే కాళ్ళకింద చెక్క తీసేశారు. వయసు ముప్ఫై తొమ్మిదేళ్ళు.

1889లో పారిస్‌లో సమావేశమైన అంతర్జాతీయ కార్మిక ప్రతినిధులు మే 1ని ప్రపంచమంతటా పాటించాలని తీర్మానించారు. 1893 జూన్ 25న వాల్డ్‌హైమ్‌లో స్మారక విగ్రహం ఆవిష్కరించారు. మర్నాడే కొత్త గవర్నర్ జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ జైల్లో మిగిలిన ముగ్గురినీ విడుదల చేశాడు. దయతో కాదు, జూరీని ఏరి కూర్చారని, నేరం రుజువు కాలేదని, జడ్జి పక్షపాతం చూపాడని కారణాలు రాసి మరీ చేశాడు. రాజకీయంగా ఆత్మహత్యేనని హితులు ముందే చెప్పారు. 1896లో ఓడిపోయాడు. ఆల్ట్‌గెల్డ్ కూడా జర్మనీలో పుట్టి పసితనంలో ఇక్కడికి వచ్చినవాడే.

ఎనిమిది గంటల పని ఈ దేశంలో చట్టానికి దగ్గరగా రావడానికి 1938 దాకా పట్టింది. ఆ చట్టంలోనే కంప్యూటర్ ఉద్యోగులకు ఓవర్‌టైమ్ వర్తించదని తర్వాత ఒక మినహాయింపు చేర్చారు. రాత్రి పదకొండింటికి ఇండియా వాళ్ళతో కాల్‌లో కూర్చునే మనందరం ఆ మినహాయింపులోకే వస్తాం.

కిందటి మే నెలలో పిల్లల్ని తీసుకుని ఫారెస్ట్ హోమ్ వెళ్ళాను. విగ్రహంలో ముసుగు వేసుకున్న ఒక స్త్రీ, నేలకొరిగిన కార్మికుడి తలమీద ఆకుల కిరీటం పెడుతూ ఉంటుంది. దగ్గర్లోనే లూసీ సమాధి. కూతురు 1889లోనే, ఎనిమిదేళ్ళకే జబ్బుతో పోయింది. కొడుకును లూసీయే 1899లో పిచ్చాసుపత్రిలో చేర్పించింది, అతను అక్కడే 1919లో చనిపోయాడు. ఈ ముక్క నేను పిల్లలకు చెప్పలేదు. లూసీ మాత్రం యాభై ఏళ్ళకు పైగా వీధుల్లో సభలు పెడుతూ, అరెస్టవుతూ, భర్త ఉపన్యాసాలు అచ్చువేసి అమ్ముతూ బతికి, 1942లో ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో పోయింది. మంటల్లో మిగిలిన ఆమె పుస్తకాలను అధికారులు పట్టుకుపోయారు.

విగ్రహం ఫోటో తీసి మామయ్యకు పంపాను. ప్రెస్సు మూసేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఆయనకు చూపు ఆనదు. రాత్రి ఫోన్ చేసి, పేరు నెమ్మదిగా చెప్పమన్నాడు. ఆల్-బర్ట్-పార్-సన్స్ అని విడివిడిగా చెప్పాను. అటునుంచి కాసేపు చప్పుడు లేదు. అందులో ఎన్ని వత్తులు వస్తాయో లెక్కపెడుతున్నాడట.